వృద్ధశునకము – మూత్రస్రావము

పదిపండ్రెండేండ్లపాటు ఇల్లు కనిపెట్టుకొనియుండి, లోపల నొక్క చుక్కయైనను రాల్పక, తలుపుకడ నిలిచి వెలుపలికి గొనిపొమ్మని మూలిగి యడుగ నేర్చిన కుక్క, వార్ధకమున తాను పండుకొన్న పక్కనే తడిపినచో, ఇంటివారు కోపించి దాని ముక్కు నేలకు రాచి కొట్టుటయు, పిదప రోసి పెరటిలో కట్టివేయుటయు నరుదు కాదు. ఆ మూగజీవి చేసినది తప్పు కాదు, అది వ్యాధిలక్షణము. దండనమున నది మానదు. కారణ మెరిగి చికిత్స సేయించినచో పెక్కుపట్టుల మానును, మానకున్నను అదుపులో నుండును.

కావున మొట్టమొదట గమనింపవలసినది, కుక్క తెలిసి విడుచుచున్నదా, తెలియక కార్చుచున్నదా యనునది. మేల్కొనియున్నప్పుడు యథావిధిగా బయట విడిచి, నిద్రలో మాత్రము పక్క తడుపుచుండినచో, మూత్రద్వారమును బిగించి పట్టు కండరము సడలినదని యూహింపవచ్చును. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించిన ఆడుకుక్కలలో, విశేషించి పెద్దజాతులలో, ఈస్ట్రోజెన్ లోపించుటచే నిది తరచుగా గానవచ్చును. ఇందులకు ఫినైల్‌ప్రొపనోలమైన్, ఎస్ట్రియోల్ అను మందులు గలవు. మొదటిది రక్తపోటును పెంచగలదు గనుక పశువైద్యుని యనుమతి లేక నీయరాదు.

కుక్క మునుపటికంటె మిక్కిలిగా నీరు త్రాగుచు, అంతకంతకు విడుచుచుండినచో, మధుమేహమో, మూత్రపిండముల జబ్బో, కుషింగ్ వ్యాధియో, లేక వాడుచున్న ప్రెడ్నిసలోన్ వంటి మందో కారణము కావచ్చును. ఉదయమున కొలిచి పోసిన నీటిలో మరునా డెంత మిగిలెనో చూచినచో లెక్క తెలియును: దినమునకు కిలో బరువునకు 100 మిల్లీలీటర్లు మించిన, అనగా 10 కిలోల కుక్క లీటరునకు పైగా త్రాగిన, పరీక్ష తప్పదు. పక్క తడుపుచున్నదని నీరు మాన్పించుట మాత్రము కూడదు. మూత్రపిండములు చెడిన కుక్కకు అది ప్రాణాపాయము. మాటిమాటికి కొంచెముగా, ముక్కుచు, నెత్తుటితో విడిచినచో అంటురోగమో రాళ్లో యుండవచ్చును. ఎంత ముక్కినను చుక్క రాకున్నచో నాడే వైద్యశాలకు గొనిపోవలెను. కీళ్లనొప్పులచే సకాలమున లేవలేని కుక్కయు, మతి తప్పి గోడవంక చూచుచు నిలిచి నేర్చిన నియమము మరచిన కుక్కయు గలవు.

చికిత్స జరుగుచుండగనే యింట కొన్ని యేర్పాట్లు చేసికొనవలెను. నిద్ర లేచినతోడనే, తిన్నపిదప, రాత్రి పండుకొనుటకు ముందు తప్పక బయటికి త్రిప్పవలెను; నున్నని బండలపై కాళ్లు జారకుండ గోనెపట్టాలు పరవవలెను. పక్కక్రింద రబ్బరుషీటు, పైని పాత నూలుచీరల మడతలు వేసి, తడిసినప్పుడెల్ల మార్చవలెను. మూత్రము తగిలి చర్మ మొరయును గనుక, పొత్తికడుపు వెండ్రుకలు కత్తిరించి, గోరువెచ్చని నీట కడిగి, తడి యొత్తవలెను. డయపరు కట్టినను తడిసినదానిని రేయంత నుంచరాదు. అమ్మోనియా గల ద్రవములతో నేల తుడిచినచో ఆ వాసనకు కుక్క మరల నచ్చటికే వచ్చును. ఫినాయిల్ పాదముల కంటి నోటబడిన విషము.

పక్క తడిసిన తొలినాటి యుదయముననే మూత్రమును శుభ్రమైన సీసాలో పట్టి పశువైద్యునికడకు గొనిపొండు. ముసలితన మింతేయని యూరకుండకుడు.