వెండి ముసుగు వస్తాదు

మెక్సికో కుస్తీలలో అన్నిటికన్నా పెద్ద పందెం డబ్బు కాదు, ముసుగు! ఓడినవాడు నిండు సభలో ముసుగు తీసి, అసలు పేరు చెప్పుకోవాలి.

1942లో వెండి ముసుగు తొడిగి గోదాలో దిగాడు ‘ఎల్ సాంటో’. ఆ మాటకు పుణ్యాత్ముడని అర్థం. 1952లో ‘బ్లాక్ షాడో’ అనే వస్తాదుతో ముసుగుకు ముసుగు ఒడ్డి, గెలిచి, అతని మొగం లోకానికి చూపించాడు. తన మొగం మాత్రం దాచుకున్నాడు. యాభైకి పైగా సినిమాలలో నటించాడు, అన్నిటా ముసుగే!

1984 జనవరిలో, టెలివిజన్‌లో మాట్లాడుతూ, ముసుగు కాస్త పైకెత్తాడు. ఫిబ్రవరి 5న గుండెపోటుతో కన్నుమూశాడు. రొడోల్ఫో గుజ్మాన్ అన్నది అతని అసలు పేరు. ముసుగుతోనే సమాధి చేశారు. కుస్తీలలో ఆ ముసుగును ఏ ప్రత్యర్థీ ఊడదీయలేకపోయాడు. అప్పటికే, 1982 నుంచి, కొడుకూ వెండి ముసుగుతోనే కుస్తీ పడుతున్నాడు.