రాజగోండులు - ప్రకార్యవాదము

సమాజములన్నియు ఒకే నిచ్చెన నెక్కుచున్నవని 19వ శతాబ్దపు పరిణామవాదులు తలంచిరి. 1877లో మోర్గాన్ ఆటవికము, అనాగరకము, నాగరకము అని మూడు మెట్లను నిర్దేశించెను. ఆదిలాబాదు రాజగోండుల నే మెట్టున నిలుపవలెను? వారు నాగలి పట్టిన కర్షకులు. చాందాలో రాజ్యమేలిన జాతివారు. అయినను అడవి నాశ్రయించి బ్రదికినవారు. నిచ్చెన యిచట పనికిరాదు.

ప్రకార్యవాదులు ప్రశ్ననే మార్చిరి. ఆచార మెచటనుండి వచ్చెనని గాక, అది సమాజమున నేమి పని చేయుచున్నదని యడిగిరి. లండనులో మలినోవ్‌స్కీ గోష్ఠులలో పాల్గొనిన హైమెండార్ఫ్ 1940వ దశకమున మార్లవాయిలో నివసించి గోండులను పరిశీలించెను. ప్రధానులు కింగ్రి వాయించుచు వంశగాథలు పాడుదురు. ఏ సగవారితో వియ్యము తగునో, తమ పెర్సపేన్‌ను ఎట్లు కొలువవలెనో ఆ గాథయే చెప్పును. విన్న బాలునకు చరిత్రయు, బంధుధర్మమును ఒకేమాఱు అలవడును. పాడిన ప్రధానునకు కానుకలు లభించును. మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారి నెఱిగిన తెలంగాణ పాఠకునకు ఇది వింత గాదు.

అయినను 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము ఏల తిరుగబడెను? పొందికను మాత్రమే వెదకు దృష్టికి ఈ ప్రశ్న యందదని మా యభిప్రాయము. అడవి కట్టుబాట్లు, వలసవచ్చిన వారి భూదాహము - ఇవి గోండు సమాజమునకు వెలుపలివి. హైమెండార్ఫును నిజాం ప్రభుత్వ మచటికి పంపినది ఆ తిరుగుబాటు పిమ్మటనే! అయినను ఆయన 1948 నాటి గ్రంథమునకు పురాణమును, కర్మకాండయు ప్రధాన విషయము లయ్యెను. 1979 నాటి గ్రంథమున మాత్రము సంప్రదాయముతోపాటు మార్పును శీర్షికకే యెక్కించెను; అప్పటికి గోండుల భూములు పెక్కు మరల పరుల పాలై యుండెను.