నేరశాస్త్ర విద్య: తరగతి గది నుండి ఘటనా స్థలి వరకు

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. ఏడు సంవత్సరాలు లేదా అంతకు మించి శిక్ష విధించదగిన నేరం జరిగినపుడు ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలిని సందర్శించి ఆధారాలు సేకరించాలని, ఆ ప్రక్రియను వీడియోలో చిత్రీకరించాలని ఈ చట్టంలోని 176వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఈ నిబంధన వర్తించే తేదీని ఐదేళ్లలోగా ప్రకటించుకొనే వెసులుబాటును రాష్ట్రాలకు కల్పించారు. గడువు ఉన్నది గాని, నిపుణులు గడువు నాటికి తమంతట తాము తయారుకారు. నేడు విశ్వవిద్యాలయాలలో చేరుతున్న విద్యార్థుల నుండే వారు రావలసి ఉన్నది.

నేరశాస్త్రాన్ని, ఫోరెన్సిక్ సైన్స్‌ను ఒకటిగా భావించడం పరిపాటి అయినది. పత్రికా వార్తలలోనూ ఈ పొరపాటు దొర్లుతున్నది. మనిషి నేరానికి ఎందుకు పాల్పడతాడు, శిక్ష అతనిని మారుస్తుందా, బాధితుని గతి ఏమిటి అన్నవి నేరశాస్త్రం పరిశీలించే ప్రశ్నలు. దొరికిన వస్తువు ఏమి చెబుతున్నదన్నది ఫోరెన్సిక్ సైన్స్ ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి బోధించే విభాగం మన దేశంలో తొలుత 1959లో సాగర్ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉన్నది. గుజరాత్ ప్రభుత్వం గాంధీనగర్‌లో నెలకొల్పిన ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2020లో జాతీయ స్థాయి పొందింది. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ కోర్సు కలదు.

ఈ చదువుకు ప్రాణం ప్రయోగ శిక్షణ. ఒక గదిని ఘటనా స్థలిగా అమర్చి విద్యార్థులను పంపుతారు. దేనినీ తాకక ముందు ఫొటోలు తీయాలి, కొలతలతో నక్షా గీయాలి. తడి నేలపై అడుగుజాడకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయాలి. రక్తపు మరకలున్న వస్త్రాన్ని నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలోనే భద్రపరచాలి. ప్లాస్టిక్ సంచిలో ఉంచితే చెమ్మ పట్టి, సూక్ష్మజీవులు పెరిగి డీఎన్‌ఏ చెడిపోతుంది. చూడడానికి చిన్న విషయమే. అయితే ఆ సంచి కారణంగా దోషి తప్పించుకోవచ్చు, నిర్దోషి జైలులో మగ్గవచ్చు. ఆధారం ఎవరి చేతి నుండి ఎవరి చేతికి, ఏ సమయంలో వెళ్లిందో నమోదు చేయడం మరొక పాఠం. ఈ వరుసలో ఒక్క సంతకం లోపించినా డిఫెన్సు న్యాయవాది ప్రశ్నిస్తారు. అందువలన కోర్టు బోనులో సాక్ష్యం చెప్పడం కూడా అభ్యసించవలసినదే.

ఉపాధి విషయానికి వస్తే, హైదరాబాద్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల, డీఎన్‌ఏ పరీక్షలకు పేరెన్నికగన్న సీడీఎఫ్‌డీ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలలో క్లూస్ టీములు పని చేస్తున్నాయి. బ్యాంకులు, బీమా సంస్థలు, సైబర్ భద్రతా సంస్థలు మోసాల పరిశోధనకు నిపుణులను తీసుకొంటున్నాయి. బాల నేరస్థుల కుటుంబ పరిస్థితులను విచారించి జువెనైల్ జస్టిస్ బోర్డుకు నివేదిక సమర్పించే ప్రొబేషన్ అధికారి పని నేరశాస్త్ర విద్యార్థులకు ఎంతో అనువైనది. దీనికి రావలసినంత ప్రచారం రాలేదు. యూజీసీ నెట్‌లో ఈ రెండూ వేర్వేరు సబ్జెక్టులు కనుక అధ్యాపక వృత్తికీ మార్గం ఉన్నది.

ప్రయోగశాల ఉద్యోగాలకు సాధారణంగా సైన్సు డిగ్రీ కోరుతారు. ఆర్ట్స్ పట్టభద్రుడు నేరశాస్త్రంలో ఎం.ఏ. చేసినంత మాత్రాన వాటికి అర్హుడు కాడు. సబ్‌ఇన్‌స్పెక్టర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా చాలును. కోర్సులో చేరే ముందే నియామక ప్రకటనలలోని విద్యార్హతలను సరిచూసుకొనడం, ఆ సంస్థకు సొంత ప్రయోగశాల ఉన్నదో లేదో విచారించడం అవసరం.