స్కూల్ బోర్డు ఓటు: పేపర్ చెప్పిన పేరు వెనక



ఎన్నికలున్న ఏడాది, ఇంచుమించు దసరా రోజుల్లోనే మన కాలిఫోర్నియా ఇళ్లకు పోస్టులో బ్యాలట్లు వస్తాయి. పైనున్న పెద్ద పదవులకు ఎవరికి వేయాలో చాలామంది ముందే అనుకుని ఉంటారు. స్కూల్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. సూపరింటెండెంటును నియమించేదీ, ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకు వెళ్లాలో గీత గీసేదీ, పిల్లలు తగ్గితే ఏ స్కూలు మూయాలో తేల్చేదీ ఆ బోర్డే. స్కూలు చూసి ఇల్లు కొన్నవాళ్లం మనం. అయినా ప్రసాదాల వరుసలో “ఎవరికి వేస్తున్నారండీ?” అని అడిగి, “పేపర్లో ఫలానా పేరు ఇచ్చారు” అంటే దానితో సరిపెట్టుకుంటాం.

మన ఆలయం పన్ను మినహాయింపు ఉన్న సంస్థ కాబట్టి ఏ అభ్యర్థినీ బలపరచదు. అందుకే ఇక్కడ అభ్యర్థుల పేర్లేమీ ఉండవు. పేపర్ ఇచ్చిన పేరును ఎలా చదవాలో మాత్రం చూద్దాం.

ఎండార్స్‌మెంట్ రాసేది పత్రిక సంపాదకీయ బృందం. వార్తలు రాసే విలేకరులకు దానితో సంబంధం ఉండదు. సాధారణంగా అభ్యర్థులకు ప్రశ్నలు పంపి, వాళ్లతో మాట్లాడి, తమ అభిప్రాయం రాస్తారు. అందులో కారణాలు బాగుంటే పేరు నచ్చకపోయినా చదవడం దండగ కాదు.

అయితే పత్రికకూ సంబంధాలుంటాయి. 2015లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ తన విద్యా వార్తల కోసం కొన్ని ఫౌండేషన్ల నుంచి గ్రాంట్లు తీసుకుంది. వాటిలో బ్రాడ్ ఫౌండేషన్ ఒకటి. అదే ఏడాది ఆ ఫౌండేషన్ ముందుండి నడిపిన ఒక ప్రణాళిక బయటికొచ్చింది: 49 కోట్ల డాలర్లతో, ఎనిమిదేళ్లలో, ఆ డిస్ట్రిక్ట్ పిల్లల్లో సగం మందిని చార్టర్ స్కూళ్లలో చేర్చాలని. దాన్ని బయటపెట్టిన వార్త కూడా ఆ పత్రికదే. గ్రాంటు సంగతీ దాచలేదు. సంపాదకీయం అమ్ముడుపోయిందని నేననను. కానీ చార్టర్ స్కూళ్ల చుట్టూనే తిరిగే బోర్డు ఎన్నికల్లో ఆ పత్రిక సలహా చదివేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది స్లేట్ మెయిలర్ల దగ్గర. ‘వోటర్ గైడ్’ లాంటి పేరుతో రంగురంగుల అట్ట మీద అభ్యర్థుల జాబితా వస్తుంది. పత్రికో, కౌంటీవారో పంపారనిపిస్తుంది. పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తుంటే అక్కడ ఆ పేరు వేయడానికి డబ్బు కట్టారని అర్థం. అలాంటిదొకటి మా ఫ్రిజ్ మీద రెండు వారాలు ఉన్నాకగాని ఆ గుర్తు నా కంట పడలేదు.

ఇక అభ్యర్థి సంగతి. అందరి తరఫున నిర్ణయం తీసుకునే మనిషికి ఆ నిర్ణయంలో సొంత లాభం కూడా ఉంటే అదే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్. మన రాష్ట్రంలో డిస్ట్రిక్ట్ ఉద్యోగి అదే డిస్ట్రిక్ట్ బోర్డులో చేరాలంటే ఉద్యోగం వదులుకోవాలి. పక్క డిస్ట్రిక్ట్ టీచరుకు ఆ అడ్డు లేదు. కాంట్రాక్టుల విషయంలో చట్టం మరీ గట్టిది. సభ్యుడికి లాభం ఉన్న కాంట్రాక్టు వచ్చినప్పుడు ఆయన ఓటు వేయకుండా పక్కకు జరిగితే చాలదు. కొన్ని మినహాయింపులు తప్పిస్తే, సెక్షన్ 1090 ప్రకారం బోర్డు ఆ కాంట్రాక్టు చేసుకోనే కూడదు. స్కూలు భవనాల పనులు చేసే వ్యాపారి పోటీకి దిగితే, మీ పనుల సంగతేమిటని సభలో లేచి అడగవచ్చు. పేపర్ అడిగిందో లేదో ఎండార్స్‌మెంట్‌లో వెతకవచ్చు.

ఒక పక్కమాట: పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివారు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు, అడిగినవారు ఎంత దగ్గరివారైనా సరే.

2,000 డాలర్లు, ఆపైన చందాలు తీసుకున్న అభ్యర్థులు ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో ఫారం 460లో చూపించాలి. బోర్డులో ఉన్నవారు తమ ఆదాయం, పెట్టుబడుల వివరాలను ఏటా ఫారం 700లో రాస్తారు. ఈ ఫారాలు ఎవరైనా చూడవచ్చు. అడిగినవారు తమ పేరు చెప్పనక్కర్లేదు, ఎందుకో చెప్పనక్కర్లేదు. కాపీలకు పేజీకి 10 సెంట్లకు మించి తీసుకోకూడదు.