చంటిబిడ్డ నొప్పి – చెంచా కొలత

గడ్డపోతారం: జ్వరానికి, నొప్పికి వాడే పారాసిటమాల్ ముడిమందు ఈ ఊరి దాపున గల బొంతపల్లి గ్రాన్యూల్స్ కర్మాగారంలో తయారై దేశదేశాలకు పోతున్నది. అదే మందును ఇంట్లోని పసిబిడ్డకు ఎంత పట్టాలన్నది ప్రతి తల్లీ తెలుసుకోవలసి ఉన్నది.

చంటిపిల్లలకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే నమ్మేవారు. 1980 దశకంలో సైతం పసికందులకు చాలినంత మత్తుమందు ఇవ్వకుండానే ఆపరేషన్లు జరిగేవి. భారతీయ వైద్యుడు డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్ ఇంగ్లండులో పరిశోధన జరిపి, ఆ నమ్మకం తప్పని 1987లో చూపారు. నొప్పి తగ్గించే మందు అందిన శిశువులే బాగా కోలుకున్నారు.

మాటలు రాని బిడ్డ నొప్పిని ముఖంతో చెబుతుంది. కనుబొమలు ముడుస్తుంది, కళ్లు గట్టిగా మూస్తుంది, కాళ్లు ముడుచుకుంటుంది. బాగా నీరసించిన బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా ఉండదు. ఏడవడం లేదు గనుక నొప్పి లేదని అనుకోరాదు.

టీకా సూది వేయించేటప్పుడు బిడ్డను ఒడిలో పట్టుకుని, ముందునుంచే తల్లిపాలు పడుతుంటే బాధ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ సలహా ఇచ్చింది. దీనికి పైసా ఖర్చు లేదు.

పారాసిటమాల్‌ను వయసును బట్టి గాక బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 10 కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుంచి 150. మళ్లీ ఇవ్వడానికి 4 నుంచి 6 గంటలు ఆగాలి. రోజుకు 4 సార్లు మించరాదు.

చిక్కంతా సీసాతోనే. 5 మి.లీ. సిరప్‌లో 125 మిల్లీగ్రాములు ఉన్న సీసాలున్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.కే 100 ఉంటుంది. సిరప్ అనుకుని దాన్ని 5 మి.లీ. చెంచాతో పోస్తే 500 పడుతుంది. మోతాదు మించితే కాలేయం చెడి ప్రాణం మీదికి వస్తుంది.

12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ మందును కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది. డాక్టరు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వరాదు. వాతలు పెడితే ఉన్న నొప్పికి కాలిన నొప్పి తోడవుతుంది.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ బిడ్డయినా పాలు మానినా, ఫిట్స్ వచ్చినా, పచ్చగా వాంతి చేసుకున్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బిడ్డ బరువు అంగన్‌వాడీలో తూస్తారు. సీసా మీది అంకె చదవడం రానివారు ఆశా కార్యకర్తతోనో, నర్సమ్మతోనో చదివించుకుని, ఆ తర్వాతే మందు పట్టాలి.