నీళ్ళు మూసే తలుపు

రాజమహేంద్రవరంలో ఇల్లు కట్టుకుని, కడియం నర్సరీలను పక్కనే పెట్టుకుని, వాకిట్లో గడ్డి పరచకపోతే నలుగురూ నవ్విపోతారని మావారి నమ్మకం. అంచేత గేటులోపల రెండు సెంట్ల మేర పచ్చిక పరిపించారు. పరిపించింది మావారు గాని, పెంచింది మా మామగారు. బడిపంతులుగా రిటైరైన నాటినుంచీ ఆయనకదే ఉద్యోగం. తెల్లవారి అయిదున్నరకు రబ్బరు గొట్టం పుచ్చుకుని నిలబడితే, కాఫీకి రెండోసారి పిలిచేదాకా కదిలేవారు కాదు.

కిందటి కార్తీకంలో ఆ తడిలోనే కాలు జారింది. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, నాలుగు నెలలు మంచం మీదనే ఉన్నారు. లేచి కర్రసాయంతో నాలుగడుగులు వేస్తున్నారనగా, "గొట్టం జోలికి మాత్రం వెళ్ళకండి" అని డాక్టరుగారు కట్టడి చేశారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. మర్నాడు తెల్లవారి చూస్తే, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గొట్టం!

అదిగో, అప్పుడు పుట్టింది మావారికి ఈ ఆలోచన. మనిషితో నిమిత్తం లేకుండా, గడియారం చూసుకుని తనంతట తానే నీళ్ళు జల్లే ఏర్పాటు. వారం తిరక్కుండా పార్సిలు వచ్చింది. అందులో నేలలోంచి తలెత్తి జల్లే స్ప్రింక్లర్లు కొన్ని, గోడకు తగిలించే కంట్రోలరు పెట్టె ఒకటి, నల్లటి ప్లాస్టిక్ వాల్వులు మూడు ఉన్నాయి. పచ్చికకు ఒకటి, పూలమొక్కలకు ఒకటి, పక్కసందులోని కూరపాదులకు ఒకటి. వాల్వును మన పాఠ్యపుస్తకాలలో కవాటమంటారు. కవాటమంటే తలుపేగదా! ప్రతి తలుపు నెత్తిమీదా బొటనవేలంత తీగచుట్ట, దానికి రెండు వైర్లు. ఆ తీగచుట్ట పేరు సోలెనాయిడ్. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియర్ గ్రీకుభాషలో గొట్టమనే అర్థమిచ్చే మాటనుంచి ఆ పేరు కట్టాడు. గొట్టం వద్దనుకుంటే మళ్ళీ గొట్టమే వచ్చిందన్నమాట మా ఇంటికి.

ప్లంబరు వచ్చాడు. మంచి పనివాడే. వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, నీరు పోయే దిక్కుకే అది చూపాలి. తిరగేసి బిగిస్తే వాల్వు మూసుకోదు. ఆ సంగతి అతనికి తెలుసు. మరలకు తెల్లటేపు చుట్టి, ప్లాస్టిక్ గదా అని చేతిబిగువుకు కాస్త మించి బిగించి ఊరుకున్నాడు. అతుకులు ఆరడానికి ఒక రోజంతా నీళ్ళు వదలనివ్వలేదు. అంతా బాగానే ఉంది. గొట్టాన్ని మాత్రం, మిగతా కుళాయిలతోపాటు, డాబామీది ట్యాంకుకే కలిపాడు. మన ఇళ్ళలో నీళ్ళు వచ్చేది అక్కడినుంచే గదా, ఇంకెక్కడ కలుపుతాడు?

సాయంత్రం ప్రారంభోత్సవం. మావారు మీట నొక్కారు. వాల్వులో టిక్కుమని చప్పుడైంది. స్ప్రింక్లర్లు నేలలోంచి సగం లేచి, మొహమాటంగా నాలుగు చుక్కలు రాల్చి ఊరుకున్నాయి. "కొత్తగదండీ, సర్దుకుంటాయి" అన్నాడు ప్లంబరు. సర్దుకుంటాయనుకుని మీట కట్టేసి పడుకున్నాం.

తెల్లవారేసరికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ! పచ్చిక మడిచెక్కలా ఉంది. వైశాఖమాసం, మా వీధికి మునిసిపాలిటీ నీళ్ళు రోజుకొక గంట. మామగారు వసారాలో కూర్చుని ఆ బురదను చూసి, "నేను పోస్తే బిందెడు నీళ్ళు వృథా అయ్యేవి కావమ్మాయ్" అన్నారు. నాకు చెప్పడానికి సమాధానం లేదు.

తప్పు కరెంటుదేనని అందరూ ఒక్కమాటగా తేల్చారు. తీగచుట్ట కాలిపోయి ఉంటుందన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెడితే నలభై ఓములు చూపించింది. సుమారు 20కీ 60కీ మధ్య ఉంటే చుట్ట ఆరోగ్యంగా ఉన్నట్టే. మరి? పార్సిలులో వచ్చిన చిన్న పుస్తకాన్ని అంతదాకా ఎవరూ తెరవలేదు. కాలేజీలో పాఠం చెప్పేదాన్ని గనుక చదవడం నా వంతైంది. చదివాక తెలిసింది మేమంతా తలకిందులుగా ఆలోచిస్తున్నామని. ఈ తలుపును మూసేది కరెంటు కాదు, నీళ్ళు!

వాల్వు కడుపులో ఒక రబ్బరుపొర ఉంటుంది. వచ్చిన నీరు దాని కింద నిలుస్తుంది. పొరకున్న సన్నటి బెజ్జంలోంచి కొంత నీరు పైగదిలోకి చేరుతుంది. కిందా పైనా ఒత్తిడి ఒకటే. కాని పైనుంచి నొక్కే వైశాల్యం ఎక్కువ, తోడుగా ఒక స్ప్రింగు. అందుచేత పొర కిందికి అదిమి ఉండి దారి మూసేస్తుంది. కరెంటు వచ్చినప్పుడు తీగచుట్ట చేసేదల్లా ఒక చిన్న ఇనుపకడ్డీని పైకి లాగడం. అప్పుడు పైగదిలోని నీరు వేరే సందులోంచి జారిపోతుంది, పైన బరువు తగ్గుతుంది, కిందినీరు పొరను ఎత్తుకుని పరుగెత్తుతుంది. కరెంటు పోగానే కడ్డీ పడుతుంది, పైగది నిండుతుంది, పొర మూసుకుంటుంది. ఇంత పెద్ద ధారను అంత చిన్న చుట్ట అదుపు చేసే కిటుకు ఇదే. బలమంతా నీటిది.

నీటికి ఆ బలం లేకపోతేనో? మా వాల్వుకు చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోల ఒత్తిడైనా ఉండాలని పుస్తకం. పది మీటర్ల ఎత్తు నీరు సుమారు ఒక కిలో ఒత్తిడినిస్తుంది. మా ట్యాంకు నేలనుంచి అయిదు మీటర్లు. అంటే అరకిలో! తెరుచుకోవడమైతే తెరుచుకుంది గాని, మూసుకునే సత్తువ నీటికి లేకపోయింది. స్ప్రింక్లర్లు తలెత్తాలంటే రెండు కిలోలకు తక్కువ పనికిరాదట. వీధి గొట్టంలోనే నిండు ఒత్తిడితో నీళ్ళు వచ్చే దేశాలకోసం తయారైన సరుకు. మన డాబా ట్యాంకు సంగతి దానికేం తెలుసు?

పంపు పెట్టుకోలేనివారికి ఒత్తిడితో పనిలేని వాల్వులూ ఉన్నాయి. చిన్న మోటారు ఒక బంతిని తిప్పి దారి మూసే రకం. ఖరీదు ఎక్కువ, మొక్కమొదట బొట్లు బొట్లుగా నీరందించే డ్రిప్పుకు అవి చాలు. జల్లు కావాలంటే మాత్రం పంపు తప్పదు. మేము సంపులోంచి తోడే పంపు వేయించాం. దాని తీగను తిన్నగా కంట్రోలరుకే బిగించబోయాడు ఎలక్ట్రీషియన్. నేను గట్టిగా అరిచాను. పెట్టెలోంచి వాల్వులకు వెళ్ళేది 24 వోల్టులు, పంపుకు కావలసింది 230. ఆ రెంటికీ మధ్య రిలే అనే మధ్యవర్తి ఉండితీరాలి.

వాల్వుల వైర్లు సులువు. ప్లస్సు మైనస్సుల పట్టింపు లేదు. మూడు వాల్వులనుంచీ ఒక్కొక్క వైరు తీసి కలిపి ఉమ్మడి తీగగా పెట్టెకు చేర్చాలి. మిగిలిన వైరు దేని నంబరుకు అది. మొత్తం నాలుగు తీగలు. నేలలో అతుకులకు మామూలు నల్లటేపు చుడితే, నాలుగు వానలకు రాగి పచ్చబడి తెగుతుంది. గ్రీజు నింపిన టోపీల వంటివి దొరుకుతాయి, అవే వాడాలి.

ఇంతా చేస్తే మూడో వాల్వు, కూరపాదులది, మళ్ళీ మూసుకోలేదు. ఈసారి ఎవరినీ పిలవలేదు. నీళ్ళు కట్టేసి, పైన ఉన్న మరలు విప్పి రబ్బరుపొర తీశాను. ఆ సన్నటి బెజ్జంలో ఇసుకరేణువు! బెజ్జం మూసుకుపోతే పైగది నిండేదెలా? గొట్టాలు వేశాక, వాల్వులు పెట్టకముందు, ఒక్కసారి నీళ్ళు బలంగా వదిలి కడగవలసింది; తొందరలో ఆ పని ఎవరూ చెయ్యలేదు. పొర కడిగి బిగించి, పంపు తరువాత జాలీ ఫిల్టరొకటి పెట్టించాం. వాల్వులున్న గుంతలో అడుగున కంకర పోయించాం, నీరు నిలవకుండా.

నీళ్ళు జల్లడానికి తెల్లవారుజాము మంచిది. గాలి ఉండదు, ఎండకు ఆవిరైపోదు. రాత్రంతా తడిసి ఉంటే గడ్డికి బూజు పడుతుంది. అంచేత నాలుగున్నరకు పెట్టాను. కరెంటు పోయినా గడియారం చెదరకుండా లోపల బ్యాటరీ వేశాను.

వారంరోజులు సవ్యంగా నడిచింది. ఎనిమిదోనాడు మామగారు వంటింటి గుమ్మంలోకి కర్రతో వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ పెట్టెను అయిదున్నరకు మార్చడానికి వీలవుతుందా?"

"ఎందుకు మావయ్యగారూ? నాలుగున్నరే మంచిదట."

"మంచిదేననుకో. నేను లేచేసరికి అంతా అయిపోతోంది. రెండోవైపు చివర ఒక స్ప్రింక్లరు గోడకే కొడుతోంది, గులాబీమొక్కకు చుక్క అందడంలేదు. మీకెవరికీ కనపడలేదు."

వెళ్ళి చూస్తే నిజమే. గోడ తడిసి నాచు పట్టింది, గులాబీ ఆకులు వాడి వేలాడుతున్నాయి. స్ప్రింక్లరును తిప్పి సరిచేశాను. టైమును అయిదున్నరకు మార్చాను. ఇప్పుడు రోజూ అయిదింపావుకే వసారాలో కుర్చీ వేయించుకుంటున్నారు. పంపు కదలగానే, "ఒకటో నంబరు" అంటారు.