కడుపులో పుండు ఎందుకు పడుతుంది?

మీరు తిన్న మాంసం ముక్క కొన్ని గంటల్లో జీర్ణాశయంలో కరిగిపోతుంది. ఆ జీర్ణాశయం గోడ కూడా మాంసమే గదా! మరి అది తనను తానే ఎందుకు అరిగించుకోదు?

జీర్ణాశయంలో ఊరే జఠర రసంలో హైడ్రోక్లోరికామ్లం, పెప్సిన్ అనే ఎంజైము ఉంటాయి. ఈ రెండింటి నుండి గోడను కాపాడేది జిగురులాంటి శ్లేష్మపు పొర. అందులోని బైకార్బనేటు, లోపలికి చొరబడే ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఈ కాపలా సడలిన చోట ఆమ్లం గోడను తినేస్తుంది. అదే పుండు, అంటే అల్సర్. జీర్ణాశయం తర్వాత వచ్చే ఆంత్రమూలంలో కూడా ఇది పడుతుంది.

కాపలా ఎందుకు సడలుతుంది? కారం వల్ల, దిగులు వల్ల అని చాలాకాలం చెప్పేవారు. మన ఇళ్ళలో నింద ఆవకాయ మీద పడింది. అంత ఆమ్లంలో సూక్ష్మజీవులు బతకవని వైద్యుల నమ్మకం.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు, రోగి జీర్ణాశయం నుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూశాడు. మెలితిరిగిన బాక్టీరియాలు కనిపించాయి! 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. ఆ బాక్టీరియాలను ప్రయోగశాలలో పెంచబోతే పెరగలేదు. రెండు రోజులు చూసి పళ్ళాలు పారేసేవారు. 1982లో ఈస్టరు సెలవులు రావడంతో పళ్ళాలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. తీరా చూస్తే బాక్టీరియాలు పెరిగి ఉన్నాయి. పాపం, వాటికి కావలసింది కాస్త వ్యవధి మాత్రమే!

అయినా చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాలు కలిపిన ద్రవాన్ని తానే తాగేశాడు. (మీరెవరూ ఇలాంటి పని చేయకండి!) కొద్ది రోజుల్లో వాంతులు మొదలయ్యాయి. పదో రోజున లోపలికి గొట్టం పంపి చూస్తే జీర్ణాశయం వాచి ఉంది. పుండు పడలేదు గాని, దానికి ముందు మెట్టు అదే.

ఆ సూక్ష్మజీవి పేరు హెలికోబాక్టర్ పైలోరి. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుంటుంది. అందుకే అక్కడ బతకగలుగుతోంది. అది కడుపులో ఉన్న అందరికీ పుండు పడదు. పడినవారికి మాత్రం యాంటీబయోటిక్ మందులు, ఆమ్లాన్ని తగ్గించే మందు కలిపి కొన్నాళ్ళు ఇస్తే సాధారణంగా నయమవుతుంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

పుండుకు మరో పెద్ద కారణం ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు. శ్లేష్మం ఊరడానికి తోడ్పడే పదార్థాలను ఇవి తగ్గిస్తాయి. మీ తాతయ్య మోకాళ్ళ నొప్పికి రోజూ ఇలాంటివి మింగుతున్నారా? మలం తారులా నల్లగా పడితే లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళమని మీ నాన్నగారికి చెప్పండి.